నడిచే మనిషి, తిరిగే ఫ్యాను, రాలే చినుకు: ఎందులో ఎంత శక్తి?

అటక మీద కదలకుండా ఉన్న బరువైన పెట్టెలో శక్తి ఎక్కువా, నేల మీద దొర్లుతున్న బంతిలో ఎక్కువా? ఇలాంటి ప్రశ్న ఎదురవగానే చాలామంది ఒకేచోట తడబడతారు. కదిలేదానికి గతిశక్తి, కదలనిదానికి స్థితిశక్తి అని వస్తువులను రెండు గుంపులు చేసేసి, ఏది ఏ గుంపులోకి వస్తుందా అని చూస్తారు. ఎగురుతున్న విమానం దగ్గరికి రాగానే ఈ పద్ధతి చెడిపోతుంది. అది కదులుతోంది, ఎత్తులోనూ ఉంది.

నిజానికి ఆ ప్రశ్నకు, అడిగిన రూపంలో, జవాబు లేదు. బరువెంత, వేగమెంత, ఎత్తెంత అన్నవి తెలియాలి. వాటితోపాటు ఎక్కడి నుంచి కొలుస్తున్నామో కూడా తేల్చుకోవాలి. ఈ చివరిదాన్ని పాఠాల్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తారు. గందరగోళం చాలావరకు అక్కడే పుడుతుంది.

ఒక జౌల్ అంటే ఎంత?

పని చేయగల సామర్థ్యమే శక్తి అని బడిలో చదువుకుంటాం. భౌతికశాస్త్రంలో పని అంటే ఒక బలం వస్తువును తన దిశలో కొంత దూరం జరపడం. బరువైన సంచి పట్టుకుని ఒకేచోట నిలబడితే చేతులు పీకుతాయి, చెమటలు పడతాయి. అయినా సంచి మీద జరిగిన పని సున్నా, ఎందుకంటే అది కదల్లేదు. మన కండరాలు ఖర్చు చేసినదంతా ఒంట్లోనే వేడిగా పోయింది.

శక్తిని కొలిచేది జౌల్‌లలో. 100 గ్రాముల వస్తువును ఒక మీటరు పైకి ఎత్తితే దాదాపు ఒక జౌల్ పని జరిగినట్టు. ఈ ఒక్కటి గుర్తుంటే మిగతా అంకెలన్నిటికీ అంచనా దొరుకుతుంది.

స్థితిశక్తి అంటే వస్తువు ఉన్న స్థానం వల్లగానీ, సాగడం, నలగడం వంటి ఆకార మార్పు వల్లగానీ ఉండే శక్తి. ఎత్తు వల్ల వచ్చేదాన్ని లెక్కకట్టడం తేలిక: ద్రవ్యరాశిని కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని రెంటినీ గుణించి, దాన్ని 9.8తో గుణించాలి. ఆ 9.8 భూమి ఆకర్షణ వల్ల వచ్చే త్వరణం. చంద్రుడి మీద అది దాదాపు 1.6 మాత్రమే కాబట్టి అదే వస్తువు అదే ఎత్తులో ఉన్నా అక్కడి స్థితిశక్తి ఆరో వంతే.

గతిశక్తి అంటే కదలిక వల్ల ఉండే శక్తి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగంతో ఒకసారి గుణించి, మళ్లీ అదే వేగంతో ఇంకోసారి గుణించాలి. వేగం లెక్కలోకి రెండుసార్లు వస్తుందన్న ఈ చిన్న విషయం ముందుముందు చాలా పెద్దదవుతుంది.

మెట్లు ఎక్కడంతో పోలిస్తే పరుగు ఎంత?

60 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున, అంటే సెకనుకు 1.4 మీటర్ల వేగంతో నడుస్తున్నాడనుకుందాం. అతని గతిశక్తి దాదాపు 59 జౌల్‌లు. అదే మనిషి 3 మీటర్ల ఎత్తున్న ఒక్క అంతస్తు మెట్లెక్కితే అతని స్థితిశక్తి 60 × 9.8 × 3, అంటే 1,764 జౌల్‌లు పెరుగుతుంది. నడకలో ఉన్నదానికి ఇది 30 రెట్లు.

మరి ఒక్క అంతస్తుకు సరితూగే గతిశక్తి రావాలంటే ఎంత వేగంగా పరుగెత్తాలి? గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. చాలామందికి అది అందని వేగం. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో ముగించినప్పుడు అతని అత్యధిక వేగం గంటకు 44 కిలోమీటర్లు దాటింది. ఆ క్షణంలో అతనికున్న గతిశక్తినంతా ఎత్తుగా మార్చగలిగితే దాదాపు 7.7 మీటర్లు పైకి వెళ్లొచ్చు. అంటే రెండున్నర అంతస్తులు. చరిత్రలో అత్యంత వేగంగా పరుగెత్తిన మనిషి శక్తిని మామూలు మనిషి మెట్లతో అందుకోగలడు, కాస్త ఆయాసపడితే చాలు. ఈ పోలికలో బరువు లెక్కలోకే రాదు. రెండు వైపులా ద్రవ్యరాశి ఉంటుంది కాబట్టి కొట్టేసుకుపోతుంది.

మన చుట్టూ ఉన్న వేగాల దగ్గర, ఎత్తు మనం అనుకున్నదానికన్నా చాలా ఖరీదైనది. క్రికెట్‌లో గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే 160 గ్రాముల బంతి సంగతి వేరు. దాని గతిశక్తి దాదాపు 121 జౌల్‌లు. అదే బంతికి ఎత్తు వల్ల అంత శక్తి రావాలంటే దాన్ని 77 మీటర్ల పైకి తీసుకెళ్లాలి.

వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు

వేలకొద్దీ కిలోల బండి రోడ్డు మీద పోతున్నప్పుడు ఈ లెక్క ప్రాణాల మీదికి వస్తుంది. 1,000 కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గతిశక్తి 50,000 జౌల్‌లు. 72 కిలోమీటర్లయితే 2 లక్షలు. 108 అయితే నాలుగున్నర లక్షలు. వీటిని ఎత్తులోకి మార్చి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 36 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొట్టడం 5 మీటర్ల ఎత్తు నుంచి పడటంతో సమానం. 72 అయితే 20 మీటర్లు. 108 అయితే దాదాపు 46 మీటర్లు, అంటే పదిహేనంతస్తుల మేడ.

ఇంకో ఉదాహరణ. ఒకేలాంటి, చెరో 1,000 కిలోల రెండు కార్లు పక్కపక్కనే పోతున్నాయి. ఒకటి గంటకు 72 కిలోమీటర్లు, రెండోది 100. ఇద్దరు డ్రైవర్లకూ ముందు అడ్డం ఒకేసారి కనిపించింది, ఒకేచోట బ్రేకు వేశారు, బ్రేకుల పట్టు కూడా ఒకటే. మొదటి కారు అడ్డానికి సరిగ్గా ముందు ఆగింది. అదే చోటుకు వచ్చేసరికి రెండో కారు వేగం ఎంత ఉంటుంది? వంద లోంచి 72 తీసేసి 28 అని చెప్పాలనిపిస్తుంది. అది తప్పు. బ్రేకులు తీసేసేది వేగాన్ని కాదు, శక్తిని. అంత దూరంలో బ్రేకులు 2 లక్షల జౌల్‌లు మింగగలవని మొదటి కారు చూపించింది. రెండో కారు మొదలైంది దాదాపు 3 లక్షల 86 వేలతో. ఇంకా మిగిలినవి లక్షా 86 వేలు. అంటే రెండో కారు గంటకు 69 కిలోమీటర్ల వేగంతో వెళ్లి అడ్డాన్ని గుద్దుతుంది. వేగం గురించి మనం చేసే కూడికలు, తీసివేతలు ఎంత మోసం చేస్తాయో చూపడానికి నాకు తెలిసి దీన్ని మించిన ఉదాహరణ లేదు.

బరువు ప్రభావం ఇంత తీవ్రంగా ఉండదు. బరువు పది రెట్లయితే శక్తీ పది రెట్లే. 36 కిలోమీటర్ల వేగంతో నిదానంగా వచ్చే 10,000 కిలోల లారీకి ఉన్న శక్తి, 108తో దూసుకొచ్చే ఆ కారుకున్న శక్తి కన్నా కాస్తే ఎక్కువ.

లైబ్నిజ్, డెకార్ట్ వర్గాల తగువు

కదిలే వస్తువులో ఉన్నదాన్ని దేనితో కొలవాలన్న దాని మీద యూరప్‌లో దశాబ్దాల పాటు గట్టి వాదన నడిచింది. ద్రవ్యరాశిని వేగంతో ఒకసారి గుణిస్తే వచ్చేదే అసలు కొలత అని ఫ్రెంచ్ తత్వవేత్త డెకార్ట్ అనుచరులు అన్నారు. దాన్ని ఈరోజు దిశతో కలిపి ద్రవ్యవేగం అంటున్నాం. కాదు, వేగంతో రెండుసార్లు గుణించాలని 1686లో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ వాదించాడు. డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండ్ 1722లో ఇత్తడి గుండ్లను రకరకాల ఎత్తుల నుంచి మెత్తటి బంకమట్టిలోకి జారవిడిచి చూశాడు. రెట్టింపు వేగంతో పడిన గుండు రెట్టింపు లోతు కాదు, నాలుగు రెట్ల లోతు దిగింది. ఫ్రాన్స్‌లో ఎమిలీ దు షాత్‌లే 1740లో అచ్చయిన తన భౌతికశాస్త్ర గ్రంథంలో లైబ్నిజ్ పక్షాన నిలబడింది.

అలాగని డెకార్ట్ పక్షం పూర్తిగా ఓడిపోలేదు. ఒక బలం ఎంత దూరం పనిచేసింది అని అడిగితే గతిశక్తి జవాబు చెబుతుంది. ఎంతసేపు పనిచేసింది అని అడిగితే ద్రవ్యవేగం చెబుతుంది. ఒకే బరువున్న రెండు కార్లు ఒకే వేగంతో ఎదురెదురుగా ఢీకొంటే వాటి మొత్తం ద్రవ్యవేగం సున్నా, ఎందుకంటే దిశలు ఎదురు. గతిశక్తికి దిశ లేదు కాబట్టి రెంటిదీ కలుస్తుంది. రేకులు నలిగేది ఆ శక్తితోనే. ఢీకొన్నాక ఆ తుక్కు ఎటు జరుగుతుందో చెప్పాలంటే మాత్రం ద్రవ్యవేగమే కావాలి.

ఎత్తు ఎక్కడి నుంచి, వేగం ఎవరికి?

మూడో అంతస్తులో టేబుల్ మీద 200 గ్రాముల ఫోన్ ఉంది. టేబుల్ ఎత్తు 75 సెంటీమీటర్లు. దాని స్థితిశక్తి ఎంత? ఆ గది నేల నుంచి చూస్తే ఒకటిన్నర జౌల్. గది నేల వీధి కన్నా 9 మీటర్ల పైన ఉంటే, వీధి నుంచి చూసినప్పుడు 19 జౌల్‌లు. టేబుల్ నుంచే కొలిస్తే సున్నా. మూడూ సరైనవే. ఫోన్ ఎక్కడ పడుతుందన్నదాన్ని బట్టి ఏది పనికొస్తుందో తేలుతుంది. గదిలో పడితే ఒకటిన్నర, కిటికీలోంచి పడితే 19. మనకు పనికొచ్చేది ఎప్పుడూ రెండు స్థానాల మధ్య తేడాయే. అందుకే స్థితిశక్తి రుణాత్మకం కూడా కావచ్చు. నేలను సున్నా అనుకుంటే బావి అడుగున ఉన్న బకెట్టుది మైనస్సే.

స్థితిశక్తి విషయంలో ఇది ఒప్పుకునేవాళ్లు కూడా గతిశక్తి మాత్రం వస్తువుకు సొంతమని అనుకుంటారు. అదీ అంతే. బస్సులో కూర్చున్న మనిషి పక్కసీటు మనిషికి కదలడం లేదు, రోడ్డు పక్కన నిలబడినవాళ్లకు దూసుకుపోతున్నాడు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. సెకనుకు 30 మీటర్ల వేగంతో పోతున్న రైల్లో ఒకరు 160 గ్రాముల బంతిని, రైలు పోయే దిక్కుకే, సెకనుకు 10 మీటర్ల వేగంతో విసిరారు. రైల్లో ఉన్నవాళ్ల లెక్కలో బంతి గతిశక్తి సున్నా నుంచి 8 జౌల్‌లకు పెరిగింది. బయట నిలబడి చూసేవాళ్ల లెక్కలో బంతి వేగం 30 నుంచి 40కి పెరిగింది, గతిశక్తి 72 నుంచి 128కి చేరింది. పెరిగింది 56. విసిరిన చెయ్యి ఒకటే, పడిన శ్రమ ఒకటే. మరి ఆ మిగతా 48 జౌల్‌లు ఎక్కడివి?

అవి రైలువి. బంతిని ముందుకు నెట్టేటప్పుడు ఆ మనిషి కాళ్లు రైలు నేలను వెనక్కి నెడతాయి, రైలు అతన్ని ముందుకు నెడుతుంది. రైలు కదులుతోంది కాబట్టి, బయటి నుంచి చూస్తే ఆ నెట్టుడు కొంత దూరం సాగింది. అంటే రైలు పని చేసింది. బంతి ద్రవ్యవేగం పెరిగినది 1.6. దాన్ని రైలు వేగం 30తో గుణిస్తే సరిగ్గా 48. ఎవరి లెక్క వాళ్లకు సరిపోతుంది. ఒకరి అంకెను ఇంకొకరి లెక్కలో కలిపితేనే తప్పవుతుంది.

ఫ్యాను దగ్గర రెండూ దాదాపు సమానం

సీలింగ్ ఫ్యాను ఉన్నచోటి నుంచి కదలదు. కానీ రెక్కలు తిరుగుతుంటాయి. దీనికి గతిశక్తి ఉందా? ఉంది. ఒక్కో రెక్కలో ప్రతి ముక్కా కదులుతూనే ఉంది. ఇరుసు దగ్గరి ముక్క మెల్లగా, అంచు దగ్గరిది వేగంగా. రెక్క అంచు ఇరుసుకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉండి, ఫ్యాను నిమిషానికి 350 చుట్లు తిరిగితే, అంచు వేగం గంటకు దాదాపు 79 కిలోమీటర్లు. మూడు రెక్కలూ కలిపి ఒక కిలో అనుకుని ముక్కలన్నిటి శక్తినీ కూడితే సుమారు 96 జౌల్‌లు వస్తుంది. స్విచ్ ఆపాక కూడా ఫ్యాను కాసేపు తిరిగేది ఈ నిల్వతోనే. గాలి, బేరింగుల రాపిడి దాన్ని మెల్లగా లాగేస్తాయి.

ఇప్పుడు ఎత్తు సంగతి. ఆ ఫ్యాను మొత్తం బరువు 4 కిలోలు, నేలకు 2.7 మీటర్ల ఎత్తులో వేలాడుతోందనుకుంటే స్థితిశక్తి దాదాపు 106 జౌల్‌లు. తిరుగుడు వల్ల 96, ఎత్తు వల్ల 106. కదిలేదానికి ఒకటి, కదలనిదానికి ఇంకొకటి అన్న విభజన ఈ ఒక్క వస్తువు దగ్గరే కూలిపోతుంది.

వాన చినుకు పోగొట్టుకునేది

పైనుంచి పడే వస్తువు స్థితిశక్తి గతిశక్తిగా మారుతుందని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పక్కనే చిన్నగా, గాలి నిరోధం లేదనుకుంటే అని కూడా ఉంటుంది. వాన విషయంలో ఆ చిన్న మాట లేకపోతే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

2 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చినుకు బరువు 4 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. అది 2 కిలోమీటర్ల ఎత్తు నుంచి, పరిమాణం మారకుండా వస్తోందనుకుందాం. బయల్దేరేటప్పుడు దాని స్థితిశక్తి దాదాపు 0.08 జౌల్. గాలే లేకపోతే నేలను తాకేసరికి దాని వేగం గంటకు 700 కిలోమీటర్లు దాటేది. గొడుగులు చిల్లులు పడేవి. నిజంగా ఆ చినుకు మన మీద పడే వేగం సెకనుకు ఆరున్నర మీటర్లు, అంటే గంటకు 23 కిలోమీటర్లు. అప్పటి గతిశక్తి, మొదట ఉన్న స్థితిశక్తిలో సుమారు 900వ వంతు.

మిగతాదంతా గాలికి పోయింది. చినుకు వేగం పెరిగేకొద్దీ గాలి ఎదురుతోపు పెరుగుతుంది. మొదటి కొన్ని పదుల మీటర్లలోనే ఆ తోపు చినుకు బరువుతో సమానమవుతుంది. ఇక అక్కడి నుంచి వేగం పెరగదు, గతిశక్తీ పెరగదు. ఎత్తు మాత్రం తగ్గుతూనే ఉంటుంది. అంటే ప్రయాణంలో చాలా భాగం చినుకు స్థితిశక్తి దాని సొంత గతిశక్తిగా మారడమే లేదు. నేరుగా చుట్టూ ఉన్న గాలిలోకి, కొంత నీటిలోకి వేడిగా పోతోంది.

ఆ వేడి మనకు ఎందుకు తెలియదు? మరీ కొంచెం కాబట్టి. 1840లలో ఇంగ్లండ్‌లో జేమ్స్ జౌల్ తాడుకు కట్టిన బరువులను కిందికి దింపుతూ, వాటితో నీటిలో తెడ్లు తిప్పించి, నీరు ఎంత వేడెక్కిందో థర్మామీటరుతో కొలిచాడు. ఇప్పటి లెక్క ప్రకారం లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 4,186 జౌల్‌లు కావాలి. కిలో బరువు 427 మీటర్లు కిందికి దిగితే గానీ అంత రాదు. ఇంతా చేసి ఆ వేడి కూడా ఒక రకంగా గతిశక్తే. నీటి అణువులు, గాలి అణువులు ఇంతకుముందు కన్నా కాస్త వేగంగా, దిక్కూ దారీ లేకుండా కదలడమే అది. చినుకు కదలికలో అణువులన్నీ కలిసి ఒకే దిక్కుకు పోతాయి. వేడిలో అలా ఉండదు. అందుకే దాన్ని మళ్లీ పోగుచేసి చినుకును పైకి లేపలేం.

స్థితిశక్తి ఉండేది ఎక్కడ?

గతిశక్తి ఎక్కడుంది అంటే కదిలే వస్తువును చూపించగలం. అటక మీది పెట్టెలో మాత్రం తేడా ఏమీ కనబడదు. కింద ఉన్నప్పుడు ఎలా ఉందో పైనా అలాగే ఉంది. మరి శక్తి ఎక్కడ చేరింది?

పెట్టెలో అనేది బడి జవాబు. అది పెట్టెది కాదు, పెట్టె, భూమి కలిసిన వ్యవస్థది అనేది ఇంకాస్త జాగ్రత్తగా చెప్పే జవాబు. భూమి లేకపోతే ఎత్తు అన్న మాటకే అర్థం లేదు. పెట్టె పడేటప్పుడు భూమి కూడా దాని వైపు ఆవగింజంత కూడా కాని దూరం జరుగుతుంది. శక్తిలో భూమికి దక్కే వాటా రెండు ద్రవ్యరాశుల నిష్పత్తిని బట్టి ఉంటుంది. భూమి ద్రవ్యరాశి 6 పక్కన 24 సున్నాలు పెడితే వచ్చేన్ని కిలోలు కాబట్టి ఆ వాటా లెక్కలోకి రాదు. అందుకే మొదటి జవాబుతో లెక్కలన్నీ సరిగ్గానే వస్తాయి. బడిలో అలా చెప్పడాన్ని తప్పు పట్టలేం. ఒకే ద్రవ్యరాశి ఉన్న రెండు నక్షత్రాల దగ్గర మాత్రం అది పనికిరాదు.

మూడో జవాబు, శక్తి వాటి మధ్య ఉన్న క్షేత్రంలో, అంటే ఆ ఆకర్షణ పనిచేసే చోటంతటిలో, ఉందని. విద్యుత్తు విషయంలో ఇది చక్కగా కుదురుతుంది. విద్యుదావేశాన్ని నిల్వ చేసే కెపాసిటర్ అనే పరికరంలో, పలకల మధ్య ఉన్న క్షేత్రంలో ఎక్కడ ఎంత శక్తి ఉందో లెక్కకట్టవచ్చు. గురుత్వాకర్షణ దగ్గరికి వచ్చేసరికి, ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతంలో, ఫలానా చోట ఇంత అని అందరికీ ఒకేలా చూపించడం కుదరదు. నా దృష్టిలో వ్యవస్థది అనే జవాబే రోజువారీ లెక్కలకూ నిజానికీ మధ్య సరైన చోటు.

నొక్కిన స్ప్రింగ్, బ్యాటరీ, పెట్రోలు, వీటన్నిటి దగ్గరా స్థితిశక్తి ఉన్నది పరమాణువుల మధ్య విద్యుత్ బలాల్లో. బ్యాటరీ, పెట్రోలులో ఉన్నదాని ముందు ఎత్తు వల్ల వచ్చేది చాలా చిన్నది. టేబుల్ మీది ఫోన్‌కు ఎత్తు ఇచ్చింది ఒకటిన్నర జౌల్. దాని లోపలి 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండుగా ఉంటే దాదాపు 69,000 జౌల్‌లు. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ కారుకున్న దానికన్నా ఎక్కువ.

అంకె పెద్దదైతే ప్రమాదమూ పెద్దదేనా?

10 గ్రాముల తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో వస్తే గతిశక్తి 3,200 జౌల్‌లు. 60 కిలోల మనిషి రెండంతస్తులు ఎక్కితే సంపాదించే స్థితిశక్తి 3,528. మెట్లెక్కిన మనిషి నింపాదిగా దిగొస్తాడు, ఏమీ కాదు. తూటా ప్రాణం తీస్తుంది. జౌల్‌లు మొత్తం ఎంత అన్నదే చెబుతాయి. ఎంత సమయంలో, ఎంత చోటులో ఖర్చయిందో చెప్పవు. దిగేటప్పుడు ఆ శక్తి పదుల సెకన్ల పాటు, పదుల మెట్ల మీద, కాళ్ల కండరాల్లో కొంచెం కొంచెంగా వేడిగా పోతుంది. తూటాది గోరంత చోటులో, సెకనులో వెయ్యో వంతుకు అటూ ఇటూగా ఖర్చవుతుంది. కార్లలో ఎయిర్‌బ్యాగ్ శక్తిని తగ్గించదు. తల ఆగే దూరాన్ని, సమయాన్ని పెంచుతుంది, బలాన్ని ఎక్కువ చోటుకు పరుస్తుంది. ఫోన్ బ్యాటరీలోని 69,000 జౌల్‌లు కూడా అంతే. రోజంతా మెల్లగా బయటికొస్తే ఫోన్ కాస్త వెచ్చబడుతుంది. లోపల షార్ట్ అయి కొద్ది సెకన్లలో వేడిగా బయటపడితే మంటలొస్తాయి.